చూహా నేర్చుకుంటుంది, మౌస్ నేర్చుకోదు
ఎంట్రన్స్ రాసే పిల్లల ఇళ్లలో ముందే తెలియాల్సిన సంగతి

గూడూరు, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని వైపు ఇంటర్ చదివే పిల్లల్లో చాలామందికి ఫోన్ చేతికొచ్చి ఏళ్లయింది. కరెంటు బిల్లు కట్టేది వాళ్లే, నానీకి పింఛను మెసేజ్ చదివి చెప్పేది వాళ్లే. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో 8వ తరగతి పిల్లలకు ట్యాబులిచ్చింది, అవీ వేలితో నడిచేవే. ఇంత అలవాటున్న పిల్లలు ఈఏపీసెట్ రాయడానికి పరీక్షా కేంద్రంలో కూర్చుంటే ఎదురుగా ఫోనూ ఉండదు, ట్యాబూ ఉండదు. ఒక కంప్యూటర్ తెర, పక్కన ఒక మౌస్ ఉంటాయి. వేలితో తెరను తాకితే ఏమీ జరగదు.

మన రాష్ట్రంలో ఈ పరీక్ష 2017 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. అప్పట్లో దాని పేరు ఎంసెట్. జేఈఈ మెయిన్ 2019 నుంచి పూర్తిగా కంప్యూటర్ పరీక్ష. ఫీజులు, పుస్తకాలు, కోచింగ్ గురించి ఇళ్లలో ఎంతో మాట్లాడుకుంటారు గానీ మౌస్ గురించి ఎవరూ మాట్లాడరు. అదేం పెద్ద విద్య, అక్కడికి వెళ్లాక దానంతటదే వస్తుందిలే అనుకుంటారు. నిజంగా దానంతటదే వస్తుందా? ఇది తెలియాలంటే ముందు పేరు ఒకటే అయిన ఇద్దరి సంగతి చూడాలి. ఒకటి ప్రాణమున్న చిట్టెలుక, రెండోది ప్లాస్టిక్ మౌస్.

పొలంలో ఎలుక, రైతుకు తెలిసిన పాఠం

ఎలుక నేర్చుకుంటుందని కర్నూలు పడమటి ఊళ్ల రైతుకు ఏ సైంటిస్టూ చెప్పనక్కర్లేదు. శనక్కాయ చేనులో ఎలుకలు పడ్డాయంటే రైతు నూకల్లో కాస్త నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి బొరియల దగ్గర పెడతాడు. మొదటి రోజు కొన్ని చస్తాయి. కొద్దిగా తిని బతికి బయటపడిన ఎలుక మాత్రం మళ్లీ ఆ ఎర ముట్టదు. ఏ తిండి తిన్నాక కడుపులో బాధ మొదలైందో దానికి గుర్తుంటుంది. ఒక్కసారి తగిలితే చాలు, రెండోసారి చెప్పాల్సిన పని లేదు.

అందుకే వ్యవసాయ శాఖ వాళ్లు ముందు రెండు రోజులు మందు కలపని నూకలు పెట్టమంటారు. ఎలుకకు ఆ తిండి మీద నమ్మకం కుదిరాక మందు కలపాలి. బ్రోమాడయోలోన్ అనే మందుతో ఈ తిప్పలు లేవు. అది కొన్ని రోజుల తర్వాత గానీ పనిచేయదు కాబట్టి తిన్నదానికీ వచ్చిన బాధకూ సంబంధం ఎలుకకు అందదు. అంటే ఎలుక తెలివిని దృష్టిలో పెట్టుకునే మందులు తయారవుతున్నాయన్నమాట.

ఇంకో విశేషం. ఇంగ్లిష్ డిక్షనరీలో ఉన్న బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కే. తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వెళ్లి, అక్కణ్నుంచి ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు కూడా పేరై కూర్చుంది.

పెంపుడు ఎలుకకు ఏమేం వస్తాయి

నగరాల్లోని పెట్ షాపుల్లో తెల్ల చిట్టెలుకలు అమ్ముతున్నారు. యూట్యూబ్‌లో అవి రింగులోంచి దూకడం, పిలిస్తే రావడం చూసి మన పిల్లలూ కొనివ్వమని అడుగుతున్నారు. ఇక్కడ దీనీ ప్రశ్న ఒకటి వస్తుంది. హాని చేసే ఐదు ప్రాణుల్లో ఎలుక ఒకటని, హరమ్ హద్దుల్లో కూడా దాన్ని చంపవచ్చని హదీసుల్లో ఉంది. రాత్రి దీపం ఆర్పి పడుకోమని, ఎలుక వత్తిని లాక్కెళ్లి ఇల్లు తగలబెట్టగలదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. పిల్లిని కట్టేసి తిండి పెట్టకుండా చంపిన స్త్రీకి పడిన శిక్ష గురించీ హదీసు ఉంది. కాబట్టి ఇంట్లో ఎలుకను పెంచవచ్చా అనేది ఊరి ఆలిమ్‌ను అడగాల్సిన మసలా. ఇక్కడ చెప్పేది దాని నేర్పు గురించి మాత్రమే. ఇంకో మాట, చూరులోనో గాదెలోనో దొరికిన ఎలుకను పట్టి పెంచడం మాత్రం వద్దే వద్దు. వాటి మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి.

చిట్టెలుక బతికేది సుమారు రెండేళ్లు. దానికి చూపు తక్కువ, ఎర్ర కళ్ల తెల్ల ఎలుకకైతే మరీ తక్కువ. వాసన, మీసాల స్పర్శ, వినికిడి, వీటితోనే లోకాన్ని తెలుసుకుంటుంది. కావలసిన పని చేసిన వెంటనే ఒక పొద్దుతిరుగుడు గింజ ఇస్తే ఆ పని మళ్లీ చేస్తుంది. గింజ ఆలస్యమైతే దేనికి దొరికిందో దానికి అర్థం కాదు.

2021లో అమెరికాలోని కాల్‌టెక్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. దారులు చీలుతూ చీలుతూ చివరికి 64 కొసలయ్యే చిక్కుదారిలో చిట్టెలుకల్ని చీకట్లో వదిలారు. ఒక్క కొసలోనే నీళ్లు ఉన్నాయి. ఎవరూ తోలలేదు, నేర్పలేదు. దాహమేసిన ఎలుకలు పదిసార్ల దాకా నీళ్లు దొరికించుకునేసరికే దగ్గరి దారి పట్టేశాయి. ఎటు తిరగాలన్నది వరసగా ఆరుసార్లు సరిగ్గా తేల్చుకుంటే తప్ప ఆ కొసకు చేరలేని దారి అది.

వాటి మెదడులో నిజంగానే ఒక పటం తయారవుతుంది. ఎలుక ఫలానా చోట ఉన్నప్పుడే పనిచేసే మెదడు కణాలున్నాయని జాన్ ఓకీఫ్ 1971లో చెప్పారు. 2014లో ఆయనకు, నార్వేకు చెందిన మోసర్ దంపతులకు కలిపి నోబెల్ ఇచ్చారు. మనకు కళ్లు మూసుకున్నా ఇంట్లో స్విచ్చు ఎక్కడుందో తెలియడం కూడా ఇలాంటి పటం వల్లే.

అయితే పిల్లలున్న ఇంటికి పనికొచ్చే పరిశోధనలు వేరే మూడున్నాయి.

1930లో టోల్మన్, హాన్జిక్ అనే ఇద్దరు అమెరికాలో ఎలుకల్ని చిక్కుదారిలో ఊరికే తిరగనిచ్చారు. పది రోజులు చివర్లో తిండేమీ పెట్టలేదు. చూసేవాళ్లకు అవి ఉత్తగా దేవులాడుతున్నట్టే ఉంది. పదకొండో రోజు తిండి పెట్టారు. ఆ మర్నాటి నుంచే వాటి తప్పులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. మొదటి రోజు నుంచీ తిండి దొరుకుతున్న ఎలుకలతో సమానమయ్యాయి. తిరిగిన రోజులన్నీ లోపల లెక్కలోకి వచ్చే ఉన్నాయి.

రెండోది డొనాల్డ్ హెబ్ అనే కెనడా శాస్త్రవేత్తది. ఆయన కొన్ని ఎలుకల్ని ల్యాబ్‌లో పెట్టకుండా ఇంటికి తెచ్చారు. పిల్లలు వాటితో ఆడుకున్నారు, అవి ఇల్లంతా తిరిగాయి. తర్వాత పరీక్ష పెడితే బోనులో పెరిగిన ఎలుకల కంటే ఇంట్లో తిరిగినవి దారులు బాగా కనుక్కున్నాయి. 1947లో హెబ్ ఈ సంగతి బయటపెట్టారు. ఏ శిక్షణా లేకుండా పెరిగిన వాతావరణమే ఆ తేడా తెచ్చింది.

మూడోది 2010 నాటిది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీలో జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ చిట్టెలుకల్ని పట్టుకునే తీరు మీద పరిశోధన చేశారు. ప్రపంచమంతటా ల్యాబుల్లో ఎలుకను తోక పట్టుకుని ఎత్తడం అలవాటు. అలా ఎత్తిన వాటిలో బెదురు ఎక్కువగా కనిపించింది. గొట్టంలోకి నడిపించి గానీ, రెండు అరచేతుల్లో దోసిలి పట్టి గానీ ఎత్తినవి ధైర్యంగా ఉన్నాయి. తర్వాత 2017లో అదే బృందం ఇంకో మాట చేర్చింది. తోక పట్టి ఎత్తిన ఎలుకలు కొత్త వస్తువు దగ్గరికే సరిగా పోవు, అందువల్ల పరీక్షలో తెలివిలేనివిగా తేలతాయి. తెలివి ఉంది, బెదురే దాన్ని బయటికి రానివ్వలేదు.

తీగల్లో నేర్చుకున్న చెక్క ఎలుక

ప్రాణం లేని ఎలుక నేర్చుకోలేదా అంటే, ఒకటి నేర్చుకుంది. 1950లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో క్లాడ్ షానన్ థీసియస్ అనే బొమ్మ ఎలుకను చేశారు. 25 గళ్ల చిక్కుదారిలో అది గోడలకు కొట్టుకుంటూ తిరిగి గమ్యం చేరేది. రెండోసారి వదిలితే ఒక్క తప్పు లేకుండా నేరుగా వెళ్లేది. గోడ మారిస్తే ఆ ముక్క మళ్లీ నేర్చుకునేది. చూసినవాళ్లు ఔరా అనుకున్నారు. కానీ ఆ ఎలుక బొమ్మలో ఏమీ లేదు. జ్ఞాపకమంతా నేల కింద, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేల్లో ఉంది. కింద తిరిగే అయస్కాంతం పైనున్న బొమ్మను లాక్కుపోయేది.

మన టేబుల్ మీద మౌస్ పరిస్థితి ఇంకా చిన్నది. థీసియస్‌కు కింద రిలేలైనా ఉన్నాయి. మౌస్‌కు నిన్నటి సంగతి ఏదీ గుర్తుండదు.

దాన్ని తిప్పి చూస్తే అడుగున ఎర్ర లైటు కనిపిస్తుంది. పక్కనే ఒక బుల్లి కెమెరా ఉంటుంది. అది టేబుల్ ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ మధ్య చెక్క గీతలు, కాగితం గరుకు ఎంత జరిగాయో పోల్చి, ఇటు ఇంత, అటు ఇంత అని కంప్యూటర్‌కు చెబుతుంది. అంతే దాని పని. 1999లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఆప్టికల్ మౌస్ సెకనుకు 1500 ఫొటోలు తీసేది. అంతకుముందు వాటిలో అడుగున రబ్బరు పూసిన బంతి ఉండేది, దుమ్ము పట్టి మొరాయించేది. పాత నెట్ సెంటర్లు చూసిన అన్నయ్యలకు ఆ బంతి తీసి తుడవడం గుర్తుండే ఉంటుంది. ఇప్పటి మౌస్ గాజు టేబుల్ మీద ఎందుకు తడబడుతుందంటే, ఫొటోలో పోల్చుకోవడానికి గరుకు ఏదీ దొరక్క. కింద ఒక తెల్ల కాగితం వేస్తే సరిపోతుంది.

మరి ఒక్కో కంప్యూటర్‌లో బాణం ఒక్కో వేగంతో ఎందుకు పోతుంది? అది మౌస్ గుణం కాదు, కంప్యూటర్‌లోని సెట్టింగ్. విండోస్‌లో ఒక ఏర్పాటు ఉంది. చేతిని మెల్లగా జరిపితే బాణం తక్కువ దూరం, అదే దూరం విసురుగా జరిపితే ఎక్కువ దూరం పోతుంది. ఎడమచేతి వాటం వాళ్ల కోసం బటన్లు మార్చుకునే సెట్టింగ్ కూడా ఉంది. మౌస్ సర్దుకుపోయినట్టు మనకు అనిపించేదంతా ఇలాంటి సెట్టింగులే. ఏఐ మౌస్ అని పెట్టె మీద రాసి ఎక్కువ ధరకు అమ్మే వాటిలో కూడా చాలావరకు అదనంగా ఉండేది ఒక బటనే, తెలివంతా కంప్యూటర్‌లోనో ఇంటర్నెట్‌లోనో ఉంటుంది.

అంటే ఈ జంటలో నేర్చుకోవాల్సింది చెయ్యే. ఈ సంగతి మౌస్ పుట్టినప్పుడే తేలింది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా, బిల్ ఇంగ్లిష్ 1964లో కాలిఫోర్నియాలో చెక్కతో మొదటి మౌస్ చేశారు. అడుగున రెండు చక్రాలు, పైన ఒక్క బటన్, తోకలా ఒక వైరు. 1967లో వాళ్లే దానికి పోటీ పెట్టారు. ఒకవైపు మౌస్, ఇంకోవైపు తెరను నేరుగా తాకే లైట్ పెన్, జాయ్‌స్టిక్, టేబుల్ కింద మోకాలితో కదిపే సాధనం. అలవాటున్నవాళ్ల చేతిలో మౌసే గెలిచింది. కొత్తవాళ్ల చేతిలో మాత్రం లైట్ పెన్, చివరికి ఆ మోకాలి సాధనం కూడా మౌస్ కంటే వేగంగా పనిచేశాయి. మౌస్ మంచిదే, కాకపోతే అది సాధన అడుగుతుంది. తెరను నేరుగా తాకడానికి సాధన అక్కర్లేదు. మన పిల్లలు ఫోన్‌తో చేస్తున్నది లైట్ పెన్ పనే. వేలు ఎక్కడ పెడితే అక్కడే జరుగుతుంది. మౌస్‌లో చెయ్యి కదిలేది టేబుల్ మీద, కళ్లు చూసేది తెర మీద. ఈ రెండింటినీ జోడించడం పుట్టుకతో రాదు.

1990లో విండోస్ 3.0తో పాటు సాలిటైర్ ఆట వచ్చింది. ముక్కను పట్టుకుని లాగి ఇంకోచోట వదలడం జనానికి ఆ ఆటతోనే చేతికొచ్చింది. పేకముక్కలు ఇంట్లో వద్దనుకునేవాళ్లకు పెయింట్ ఉంది. గీతలు గీస్తూ పోతే అదే సాధన.

పరీక్ష గదిలో లెక్క

ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లు. బాణాన్ని సరైన చోటికి చేర్చడంలో ప్రశ్నకు మూడు సెకన్లు ఎక్కువ పట్టిందనుకుందాం. మొత్తం 480 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలు. ఏడు ప్రశ్నలు ఆలోచించే సమయం పోయినట్టే. తప్పు జవాబుకు మార్కులు కోత లేని పరీక్షలో ఏడు ప్రశ్నలు కనీసం ముట్టుకోకుండా వదిలేయడం ఎంత నష్టమో, ర్యాంకులు చూసిన ఇళ్లకు తెలుసు.

సమయం ఒక్కటే కాదు, మౌస్ అలవాటు లేక జరిగే తప్పులు కూడా ఉన్నాయి. జవాబు పక్కన గుండ్రం మీద ఒక్కసారి నొక్కాలి. ఇలాంటి చాలా పరీక్షల సూచనల్లో, ఎంచుకున్న గుండ్రం మీద మళ్లీ నొక్కితే ఆ జవాబు తీసేసినట్టవుతుందని ఉంటుంది. కంగారులో టకటక రెండుసార్లు నొక్కే పిల్లలకు ఇది తెలియాలి. జవాబు ఎంచుకున్నాక సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కాలి. అది నొక్కకుండా కుడిపక్క అంకెల పట్టికలో వేరే ప్రశ్న అంకె నొక్కి వెళ్లిపోతే, పెట్టిన జవాబు సేవ్ కాదు. పెద్ద ప్రశ్నైతే కింది సగం తెర మీద కనిపించదు, మధ్య చక్రం తిప్పాలి. ఫోన్‌లో పేజీ కిందికి పోవాలంటే వేలిని పైకి జరుపుతాం. చక్రాన్ని మాత్రం మనవైపు తిప్పాలి. జేఈఈ మెయిన్‌లో అయితే కీబోర్డు ముట్టుకోవద్దని సూచనల్లోనే ఉంటుంది. అంకె రూపంలో రాయాల్సిన జవాబును కూడా తెర మీది బుల్లి అంకెల పట్టీ మీద మౌస్‌తోనే ఒక్కొక్కటిగా నొక్కాలి. లెక్క చేసినవాడికి ఆ పట్టీ మీద చెయ్యి వణికితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ సాధన ఎక్కడ చేయాలి? అబ్బాయిలైతే జిరాక్స్ షాపులోనో, నెట్ సెంటర్‌లోనో, స్నేహితుడి ఇంట్లోనో ఎలాగోలా కూర్చుంటారు. అమ్మాయిలను అక్కడికి పంపడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోరు. ఆ ఇళ్ల ఆలోచన తప్పా ఒప్పా అనేది వేరే చర్చ. కానీ అదే అమ్మాయి అదే గదిలో, అదే మౌస్‌తో, అదే మూడు గంటల్లో పరీక్ష రాయాలి. ఆమెకు మాత్రం రాయితీ ఏదీ ఉండదు.

దీనికి కంప్యూటర్ కొనాల్సిన అవసరం లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు ఓటీజీ అనే చిన్న పిన్ను పెడితే మామూలు వైరు మౌస్ పనిచేస్తుంది. పెట్టగానే ఫోన్ తెర మీద బాణం గుర్తు వస్తుంది. మామూలు మౌస్, ఆ పిన్ను కలిపి కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. కొనే ముందు మీ ఫోన్ ఓటీజీకి పనికొస్తుందో లేదో షాపులోనే పెట్టి చూడాలి. ఈఏపీసెట్, జేఈఈ రెండింటి వెబ్‌సైట్లలో మాక్ టెస్టులు ఉచితంగా ఉంటాయి. ఫోన్ బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ అని ఎంచుకుంటే పరీక్ష తెర దాదాపు అలాగే కనిపిస్తుంది. చిన్నగా ఉంటుంది నిజమే. చిన్న గుండ్రాల మీద సాధన చేసిన చేతికి పెద్ద తెర మీద ఇంకా తేలిక. ఇంట్లో స్మార్ట్ టీవీ ఉంటే దానికీ మౌస్ తగిలించి చూడొచ్చు, చాలా టీవీల్లో బాణం వస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు పరీక్ష మాటే ఎత్తకూడదు. టోల్మన్ ఎలుకల్లా ఊరికే తిరగనివ్వాలి. బొమ్మలు గీయనీ, మ్యాపులో గూడూరు నుంచి మదీనా దాకా లాక్కుంటూ పోనీ. తర్వాత రోజుకు పావుగంట మాక్ టెస్టు. మగ్రిబ్ తర్వాత చదువుకు కూర్చునే ముందు పెట్టుకుంటే వారం పది రోజుల్లో చెయ్యి కుదురుతుంది. పక్కన పెద్దవాళ్లు కూర్చుని, అదిగో తప్పు నొక్కావు, ఇంత కూడా రాదా అని గదమాయిస్తే పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. తోక పట్టి ఎత్తిన చిట్టెలుక కూడా చేసింది అదే.

ఎడమచేతి వాటం పిల్లలుంటే ఇప్పుడే తేల్చుకోవాలి. పరీక్ష గదిలో కంప్యూటర్ సెట్టింగులు మార్చనిస్తారన్న భరోసా లేదు. మౌస్‌ను ఎడమవైపు పెట్టుకున్నా బటన్లు మామూలుగానే ఉంటాయని అనుకుని, అలాగే సాధన చేయడం మేలు.

పరీక్ష రోజు కాస్త ముందు వెళ్తే సూచనలు చదువుకోవడానికి సమయం దొరుకుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో బాణాన్ని తెర నాలుగు మూలలకూ తిప్పి, ఎంత కదిపితే ఎంత పోతోందో చూసుకోవాలి, ఎందుకంటే ఇంటి మౌస్ వేగం వేరు, అక్కడిది వేరు. మౌస్ ఆగి ఆగి కదిలినా, ఒక నొక్కుకు రెండు పడుతున్నా అప్పుడే ఇన్విజిలేటర్‌కు చెప్పి మార్పించుకోవాలి. అడగడానికి మొహమాటపడి మూడు గంటలూ పాడైన మౌస్‌తో కుస్తీ పట్టొద్దని పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇంటి దగ్గరే చెప్పి పంపాలి.